చేతి చలవ లేని గుమాస్తా, పద్నాలుగు సంచులు

జూన్ 9, ఆదివారం

మృగశిర కార్తె వచ్చేసింది. వాన ఇంకా పడలేదు గానీ మబ్బు పట్టిన ఆకాశాన్ని చూస్తే ఏదో ఒకటి నాటాలనిపిస్తుంది. నాకు ఏటా అనిపిస్తుంది. ఏటా ఏదో ఒకటి తెచ్చి చంపుతాను. ఇప్పటిదాకా నా చేతిలో పోయినవి: తులసి మూడుసార్లు, కరివేపాకు రెండుసార్లు, గులాబీ ఒకటి. సీసాలో నీళ్ళు పోసి వదిలేసినా బతుకుతుందనే మనీప్లాంటు కూడా పోయింది.

మేముండేది రాజమండ్రి. ఇక్కడి నుంచి కడియం స్కూటరు మీద అరగంట. లారీలకెత్తి ఎక్కడెక్కడి రాష్ట్రాలకో మొక్కలు పంపే ఊరది. ఆ మొక్కలు అన్ని వందల కిలోమీటర్లు వెళ్ళి హాయిగా బతుకుతాయి. నా స్కూటరు మీద అరగంట కూచుని వచ్చినవి మాత్రం పదిహేను రోజుల్లో పోతాయి. "కొందరికి చేతి చలవ ఉంటుందండీ. మీకు లేదు, ఒప్పేసుకోండి" అంటుంది మా ఆవిడ.

నాకు చేతనైంది లెక్క రాయడం ఒక్కటే. తాడితోటలో హోల్‌సేల్ బట్టల కొట్లో ఇరవై రెండేళ్ళుగా గుమాస్తాని. సరుకు ఎక్కడ తగ్గిందో చిట్టా తిరగేస్తే దొరికిపోతుంది. మొక్కలు ఎందుకు పోతున్నాయో కూడా రోజూ రాసుకుంటే దొరకాలి కదా. అందుకే కొత్త పుస్తకం తీశాను. ఎడమ పక్క నాటినవి, కుడి పక్క పోయినవి, చివర కారణానికి ఒక గడి. పద్నాలుగు సంచులు, మూడు వేల రూపాయలు, సంక్రాంతి దాకా గడువు. పూల మొక్కలు వద్దు. తినేవే.

ఈ పుస్తకం మా ఆవిడ చదవదు, అంకెలుంటాయని.

జూన్ 16, ఆదివారం

మాది అద్దె ఇల్లు, పై వాటా. ఓనరు మామ్మగారు కింద ఉంటారు. డాబా మీద మొక్కలు పెట్టుకుంటానంటే, "పెట్టుకో బాబూ, నా శ్లాబు కారితే మాత్రం ఊరుకోను" అన్నారు. ఆవిడ భయం ఆవిడది. నాకూ అసలు బరువెంతో తెలుసుకోవాలనిపించింది. పన్నెండంగుళాల సంచి ఒకటి నింపి, అడుగునుంచి నీళ్ళు కారేదాకా తడిపి, సందు చివర పాత ఇనుము కొట్టుకి పట్టుకెళ్ళి కాటా వేయించాను. 24 కిలోల 300 గ్రాములు. "మట్టి కూడా అమ్మేస్తున్నారేంటి గురూగారూ?" అన్నాడు ఆ కుర్రాడు. పద్నాలుగు సంచులంటే మూడు క్వింటాళ్ళ నలభై కిలోలు. అంత బరువు నడి శ్లాబు మీద పెట్టడం ఇష్టంలేక, కింద గోడ ఉన్న వైపు పిట్టగోడ వారగా వరస పేర్చాను. నీళ్ళు నిలవకుండా ఒక్కో సంచి కింద రెండేసి ఇటుకలు.

లోపల వేసింది రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు. పొట్టు కలిపితే మట్టి గుల్లగా ఉంటుంది, బరువూ తగ్గుతుంది. దాన్ని ఇటుకల్లా నొక్కి అమ్ముతారు షాపుల్లో. నాకా ఖర్చు తప్పింది. మా తోడల్లుడు కోనసీమలో పీచు మిల్లులో పనిచేస్తాడు, రెండు బస్తాలు ఊరికే పంపాడు.

కొబ్బరి పొట్టు ఖర్చు: సున్నా. భలే.

జూన్ 18

కొట్టుకెళ్ళేముందు విత్తడం అయిపోయింది. బెండ గింజలు రాత్రంతా నానబెట్టి సంచికి మూడేసి. తర్వాత గోంగూర, తోటకూర. మెంతులు, ధనియాలు మా పోపులడబ్బాలోవే. టమాటా గింజలు ఒక ట్రేలో, నారు కోసం. తోటకూర గింజలు ఆవాలకన్నా సన్నం. ఇసుకలో కలిపి చల్లాలని విన్నాను, ఇసుక వెతికే ఓపిక లేక చేత్తోనే చల్లాను. సగం పొట్లం ఒక్కచోటే పడింది.

జూన్ 21

మెంతులు మొలిచాయి! మూడో రోజుకే. మా ఆవిణ్ణి డాబా మీదికి పిలిచి చూపించాను. "మెంతులు తడిగుడ్డలో కట్టినా మొలుస్తాయి కదండీ" అంది.

జూన్ 27

మామ్మగారు కిందినుంచి కేకేశారు. వెళ్ళి చూస్తే సున్నం వేసిన తెల్ల గోడ మీద పైనుంచి కిందికి కాఫీ డికాక్షన్ రంగు చారలు, ఏడో ఎనిమిదో. రాత్రి వానకి మన సంచుల్లోంచి కారి, తూము అంచు మీదుగా దిగిన నీళ్ళు. ఆవిడేమీ తిట్టలేదు. చారల్ని చూశారు, నన్ను చూశారు, మళ్ళీ చారల్ని చూశారు.

పైకెళ్తే ఇంకో సమస్య. బెండ మొలకల ఆకుల అంచులు ఇస్త్రీపెట్టె తగిలినట్టు గోధుమరంగులో మాడి ఉన్నాయి. తోడల్లుడికి ఫోన్ చేశాను. "కడక్కుండా వేసేశారా అన్నయ్యగారూ!" అని పగలబడి నవ్వాడు. పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుందట. నీళ్ళలో నానబెట్టి పిండి, రంగు తేలికయ్యేదాకా రెండుమూడు సార్లు ఆ నీళ్ళు పారబోసి అప్పుడు వాడాలట.  మిగిలిన బస్తాని బకెట్లో వేసి నానబెట్టాను. మొదటి నీళ్ళు నల్లగా, రెండోవి టీలాగా, మూడోవి చాలా పలచన టీలాగా వచ్చాయి. మొలకలున్న సంచుల్లో మాత్రం నీళ్ళు ధారగా పోసి కిందికి వదిలాను, ఈసారి కింద పళ్ళేలు పెట్టి.

కొబ్బరి పొట్టు ఖర్చు (సవరణ): గోడకి సున్నం, కూలీ కలిపి 450 రూపాయలు.

జూలై 5

టమాటా నారు 31 మొలిచింది. నిన్నటికి నాలుగంగుళాలైంది. ఇవాళ పొద్దున చూస్తే 24 మొక్కలు చాప పరిచినట్టు పడున్నాయి. ఒకటి పీకి చేతిలోకి తీసుకున్నాను. పైన ఆకులు పచ్చగానే ఉన్నాయి, వేరూ బాగానే ఉంది. సరిగ్గా మట్టిని తాకేచోట మాత్రం కాడ దారంలా సన్నబడి, నీళ్ళ రంగులోకి తిరిగి, గోరు తగలగానే తెగిపోయింది. దీన్ని నారుకుళ్ళు అంటారని విత్తనాల కొట్లో చెప్పారు. మట్టిలో ఉండే బూజు, తడి ఎక్కువై గాలి ఆడకపోతే రెచ్చిపోతుంది. "వానల్లో కూడా నీళ్ళు పోశారా?" అని అడిగాడాయన. పొద్దున, సాయంత్రం, క్రమం తప్పకుండా పోశాను. మొక్కకి రోజూ నీళ్ళు పొయ్యాలని చిన్నప్పట్నుంచీ వింటున్నదే కదా.

జూలై 7, ఆదివారం

తీరిగ్గా కూచుని పుస్తకం తిరగేశాను. పోయిన పద్దులు 43. కారణం గడిలో 'నీళ్ళు ఎక్కువ' అని రాయాల్సినవి 29. 'నీళ్ళు తక్కువ' ఒక్కటీ లేదు. ఇంతకాలం నేను ఆ తులసిల్ని పట్టించుకోకపోవడం వల్ల చంపానని అనుకుంటున్నాను. కాదు, రోజూ పలకరించి మరీ చంపాను. వేరుకి కూడా గాలి కావాలి. మట్టి సందుల్లో ఎప్పుడూ నీళ్ళే ఉంటే అది ఊపిరాడక కుళ్ళుతుంది. వేరు కుళ్ళిన మొక్క నీళ్ళు తాగలేక వాడిపోతుంది. వాడింది కదా అని మనం ఇంకో చెంబు పోస్తాం!

ఇవాళ్టినుంచి పద్ధతి మారింది. చూపుడువేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చాలి. తడి తగిలిందా, చెంబు కింద పెట్టేయాలి. పొడిగా ఉంటే అడుగునుంచి కారేదాకా పొయ్యాలి. కొట్లో బేలు ఎత్తగానే ఎన్ని మీటర్లుందో చెప్పే హమాలీలను చూస్తుంటాను. సంచిని కూడా ఒక అంచు పట్టుకుని కాస్త లేపితే దాహంగా ఉందో లేదో చెయ్యే చెబుతుంది. దానికి ఓ వారం అలవాటు పడాలంతే.

జూలై 13

తొలి కోత. తోటకూర, 25 రోజులకి. 180 గ్రాములు, వంటింటి కాటా మీద తూచి రాస్తున్నాను. వేపుడికి చాలదు, పప్పులోకి సరిపోయింది. ఒక్కచోటే ఒత్తుగా పడిన మొలకల్లో సగం పీకేయాల్సి వచ్చినా, పీకినవీ పప్పులోకే వెళ్ళాయి. ఆకుకూరలతో ఉన్న సుఖం ఇది. తప్పు చేసినా తినొచ్చు. వేరుతో పీకకుండా నాలుగు ఆకులు వదిలి పైన కోశాను, మళ్ళీ చిగురు వేస్తుందని.

జూలై 15

సగానికి కోసిన నీలం డ్రమ్ము 350 రూపాయలకి దొరికింది. పిల్లరు ఉన్న మూలలో పెట్టి సొర గింజలు వేశాను. పద్నాలుగు సంచులన్న నియమం తప్పాను. డ్రమ్ము సంచి కాదు కదా.

ఆగస్టు 4, ఆదివారం

బెండ పూత చూసి మురిసిన వారానికే ఈనెలు పసుపెక్కాయి. ముందు రెండు ఆకుల్లో, తర్వాత మొక్కంతా. ఆకుని ఎండకి ఎదురుగా పట్టుకుంటే ఆకుపచ్చ గుడ్డ మీద పసుపు దారంతో వల అల్లినట్టుంది. బట్టల కొట్టువాణ్ణి కదా, ఒక్క నిమిషం అందంగానే అనిపించింది. పల్లాకు తెగులు. వైరస్. మందు లేదు, తెల్లదోమ ఒక మొక్కనుంచి ఇంకోదానికి మోసుకెళ్తుంది. వచ్చిన కాయలు కూడా పాలిపోయి పీచెక్కాయి. ఆరు మొక్కలూ పీకేశాను. పీకడానికి రెండు రోజులు పట్టింది, చేతులు రాక.

ఒక పసుపురంగు డబ్బా మూతకి ఆముదం రాసి మొక్కల మధ్య వేలాడదీశాను. తెల్లదోమకి పసుపు రంగంటే మోజు, వచ్చి అతుక్కుంటుంది. సాయంత్రానికి మూత మీద సన్నటి తెల్ల చుక్కలు లెక్కపెట్టాను, 60 దాకా వచ్చి విసుగేసి మానేశాను.

ఈసారి బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్కా అనామిక రకం తెచ్చాను. ఈ తెగులుని తట్టుకోవడానికే తయారుచేసిన రకమట. ఇంతకుముందు వేసినవి ఏ రకమో పొట్లం మీద చూడనే లేదు. ఇరవై రెండేళ్ళుగా సరుకు మీద లేబులు చూడకుండా పద్దు రాయనివాణ్ణి!

ఆగస్టు 18, ఆదివారం

ఇది రాయనని పిన్నిగారికి మాటిచ్చాను. రాస్తున్నాను, చెప్పను.

మా సందులో చేతి చలవ అంటే ఎదురింటి పిన్నిగారే. ఆవిడ గుమ్మం ముందు పుదీనా, కనకాంబరం, కరివేపాకు, నందివర్ధనం ఎప్పుడూ ధగధగలాడుతుంటాయి. "పిన్నిగారు పుల్ల గుచ్చినా చిగురేస్తుంది" అని మా ఆవిడ నా ముందు రోజుకోసారి అంటుంది. ఇవాళ కరెంటు పోతే మెయిన్ చూడమని పిలిచారు. మీటరు పెరట్లో ఉంది. అక్కడ, నీళ్ళ ట్యాంకు వెనక, ఒకదాంట్లో ఒకటి దూర్చిన ఖాళీ కుండీలు నడుమెత్తున ఉన్నాయి. పక్కన గులాబీ, మల్లె, నిమ్మ, ఏవేవో ఎండిన మొక్కలు వేళ్ళతో సహా గుట్టగా. వద్దనుకున్నా లెక్కపెట్టాను. కుండీలు 22.

పిన్నిగారు నా వెనకే నిలబడి ఉన్నారు. "పోయినవి వీధిలో ఎందుకు పెడతాం అబ్బాయ్, వెనక్కి తెచ్చేస్తాం" అన్నారు. తర్వాత కాఫీ ఇచ్చారు. పుదీనా ఎలా పెంచుతారని అడిగాను. బజారులో కొన్న కట్టలోంచి ముదురు కాడలు నాలుగు తీసి, కింది ఆకులు దులిపి, గ్లాసు నీళ్ళలో పెడితే వారంలో వేళ్ళొస్తాయని, మట్టిలో పెట్టాక పూర్తి ఎండలో కాక కాస్త నీడలో ఉంచమని చెప్పారు. "బతికేదే పెంచుతాను, బతకనిదాని జోలికి మళ్ళీ వెళ్ళను" అన్నారు. కుండీల సంగతి మీ ఆవిడకి చెప్పకు అని కూడా అన్నారు.

సెప్టెంబరు 8, ఆదివారం

సొరపాదు పందిరెక్కింది. వెదుళ్ళకి కొట్లో మిగిలే గుడ్డ అంచులతో ముళ్ళేశాను. తాడులా కోసుకుపోదు. పువ్వులు పది రోజులనుంచీ పూస్తున్నాయి, రాలిపోతున్నాయి. రాలినవన్నీ ఏరి చూశాను, అన్నీ సన్న కాడతో ఉన్న మగ పువ్వులే. ముందు అవే వస్తాయట. ఆడ పువ్వు వెనక బొటనవేలంత బుల్లి సొరకాయ, నూగుతో, ముందే ఉంటుంది. అలాంటివి ఇవాళ రెండు కనిపించాయి. నిన్నటిది ఒకటి మాత్రం పసుపెక్కి కుళ్ళింది, పుప్పొడి అందక.

సెప్టెంబరు 10

సొర తెల్లగా, సాయంత్రం పూస్తుంది. దానికి రాత్రి తిరిగే రెక్కల పురుగులు రావాలి. మా డాబా మీదికి అవి వచ్చే సూచన లేదు. కొట్టు మూసి ఇంటికొచ్చేసరికి తొమ్మిదైంది. సెల్‌ఫోను టార్చి నోట్లో పెట్టుకుని, మగ పువ్వు ఒకటి తుంచి, రేకులు వెనక్కి ఒలిచి, మధ్యలో ఉన్న పసుపు పొడి ఆడ పువ్వు నడిమధ్య మెత్తగా అద్దాను. టార్చి వెలుగులో తెల్ల రేకులు తడిసిన మల్‌మల్ గుడ్డలా ముడతలు ముడతలుగా కనిపించాయి. పొడి అంటుకుందో లేదో తెలియక ఇంకో పువ్వుతో మళ్ళీ అద్దాను. మెట్ల మీదినుంచి మా ఆవిడ, "పెళ్ళిళ్ళ పేరయ్యగారూ, అన్నం చల్లారిపోతోంది!"

సెప్టెంబరు 22, ఆదివారం

పన్నెండు రోజులకి కాయ మోచేతి పొడవైంది. గోరు సులువుగా దిగుతోంది, అంటే లేత. 1 కిలో 150 గ్రాములు. మా ఆవిడ ఆనపకాయ పాలుపోసిన కూర చేసింది. సగం ముక్క మామ్మగారికి పంపించాను. గోడ చారల తర్వాత ఆవిడ నాతో నవ్వుతూ మాట్లాడటం ఇదే.

అక్టోబరు 20, ఆదివారం

వాయుగుండం. మూడు రోజులు ఎడతెగని వాన. ఈసారి టమాటా నారు సొంతంగా పెంచే సాహసం చేయలేదు. రెండు వారాల కిందట కడియంలో నలభై రూపాయలకి కొని తెచ్చాను. నర్సరీ ఆయన చెప్పినట్టు కింది ఆకులు తుంచి, కాడని సగం దాకా మట్టిలో పూడ్చి నాటాను. టమాటా కాడ మట్టి తగిలినచోటల్లా వేళ్ళు పెడుతుంది. వానకి నాలుగు సంచుల్లో నీళ్ళు నిలిచాయి. చిల్లులు మట్టితో పూడుకుపోయాయి. గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని స్క్రూడ్రైవరుతో పొడిచాను. ఒక మొక్క పోయింది, ఆరు ఉన్నాయి.

నవంబరు 10, ఆదివారం

కొత్తిమీర. జూన్‌లో పోయింది, జూలైలో పోయింది, ఆగస్టులో నాలుగు మొలకలు వచ్చి వానకి కొట్టుకుపోయాయి. నాలుగోసారి వేస్తుంటే మా ఆవిడ, "రెండు రూపాయలు ఎక్కువిస్తే కూరలబ్బి పిడికెడు ఇస్తాడండీ" అంది. తప్పు నాదీ, ఎండావానలదీ కూడా. కొత్తిమీరకి చల్లదనం కావాలి. అదీగాక ధనియం ఒక గింజ కాదు, రెండు గింజలు కలిసిన కాయ. చపాతీ కర్రతో మెల్లగా దొర్లించి రెండు బద్దలు చేయాలి. మరీ నొక్కితే పోపులోకే. రాత్రి నానబెట్టి వేశాను. తొమ్మిదో రోజున, అంటే ఇవాళ, సన్నగా గడ్డిపోచల్లా జంట ఆకులు లేచాయి. చెయ్యి తగిలితే చాలు వాసన.

కార్తీకం కదా, మా ఆవిడ తులసి తెచ్చుకుంది. డాబా మీద కాదు, గుమ్మం పక్కన పెట్టింది. నేను నీళ్ళు పొయ్యకూడదని షరతు.

డిసెంబరు 15, ఆదివారం

గోంగూర కాడల మీద పిండి చల్లినట్టు తెల్లగా ఉంటే మంచు పడిందేమో అనుకున్నాను. తుడిస్తే వేలికి జిగురు. పిండినల్లి. కాడ పొడవునా చీమల బారు. చీమలే తింటాయిలే అనుకోవడం పొరపాటు. పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి, కొత్త కొమ్మలకి మోసుకెళ్తాయి కూడా. లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, అంట్లు తోమే సబ్బు నాలుగు చుక్కలు. సబ్బు లేకపోతే నూనె నీళ్ళలో కలవదు. ఆదివారం కదా అని మిట్టమధ్యాహ్నం కొట్టాను, ఎండకి మూడు ఆకులు కమిలాయి. సాయంత్రం పూట కొట్టాలి. మిగతాది పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగాను. మా అబ్బాయి ఫోటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాడు, 'నాన్న గోంగూరకి పళ్ళు తోముతున్నారు' అని.

టమాటా మొదటిది పండింది. 70 గ్రాములు.

జనవరి 5, ఆదివారం

పద్దు మూసే ముందు లెక్క.

ఖర్చు: సంచులు 840, డ్రమ్ము 350, ఎర్రమట్టి 600, పశువుల ఎరువు 400, విత్తనాలు 280, నారు 40, వేపనూనె 180, మామ్మగారి గోడ 450. మొత్తం 3,140.

రాబడి: తోటకూర 3 కిలోల 400 గ్రాములు, గోంగూర 2 కిలోల 100, టమాటా 3 కిలోల 200, బెండ 1 కిలో 750, సొరకాయలు 5. మెంతికూర, పుదీనా, కొత్తిమీర గుప్పెళ్ళ లెక్కన. మా సందులోకొచ్చే కూరల బండి ధర కడితే 870 రూపాయలు. నష్టం 2,270. సంచులు, డ్రమ్ము వచ్చే ఏడాదికీ పనికొస్తాయని తరుగుదల కింద వేసుకోవచ్చు. మా కొట్టు యజమాని సేఠ్‌గారు ఒప్పుకోరు గానీ ఈ పుస్తకానికి సేఠ్‌ని నేనే.

జూలై 7 తర్వాత 'నీళ్ళు ఎక్కువ' కింద పడిన పద్దులు మూడే.

జనవరి 12, ఆదివారం

రేపు భోగి. మా ఆవిడ, అబ్బాయి పొద్దున్నే వాళ్ళ అమ్మగారి ఊరు బయల్దేరారు. పండగ బేరాలు కాబట్టి కొట్లో నాకు రాత్రి దాకా పని, రేపు పొద్దున వెళ్తాను. వెళ్ళేముందు మా ఆవిడ డాబా మీదికొచ్చి అన్ని సంచుల్లోనూ వేలు గుచ్చి చూసింది. "బావున్నాయండీ" అంది. విత్తనానికి వదిలిన సొరకాయని కూడా తట్టి చూసింది. బాగా ముదిరింది, ఎండాక లోపల గింజలు గలగలలాడాలి. తర్వాత కిందికి దిగి, గుమ్మం పక్క తులసి కుండీ ఎత్తుకుంది.

"నేను చూస్తాలే, రేపొక్క పూటే కదా" అన్నాను.

"వద్దులెండి. నాలుగు రోజులు పిన్నిగారికి అప్పజెబుతాను, ఆవిడ చేతి చలవ" అని ఎదురింటికి పట్టుకెళ్ళింది. పిన్నిగారు కుండీ అందుకుంటూ మా ఆవిడ భుజం మీదుగా నావైపు చూశారు. నేను ఆటోవాడితో బేరమాడుతున్నట్టు అటు తిరిగాను.